కొబ్బరిమాను మీది గాట్లు

ఆగండాగండి, చేతిలో పని పక్కన పెట్టి ఇది వినండి!

1972 వేసవి, తెనాలి కోర్టు. బాపట్లలో ముప్పైయేళ్లు చెట్ల గురించి పాఠాలు చెప్పి రిటైరైన ఈశ్వరప్రసాద్ సాక్ష్యానికి వచ్చాడు. రేపల్లె అవతల కాలవగట్టున, చేపలమ్ముకునే పేరంటాలు గుడిసె వేసుకున్న జాగా తనదేనని రైసుమిల్లు చలపతిరావు దావా వేశాడు. దావా నాటికి ఆవిడ అక్కడ పన్నెండేళ్లు దాటి ఉన్నట్టు తేలితే జాగా ఆవిడదే. లేకపోతే గుడిసె పీకాల్సిందే! కాగితం ముక్క లేదు. ఉన్నదల్లా గుడిసె వేసిన రోజే నాటిన కొబ్బరిచెట్టు.

దావా పడ్డ వారానికే ఈశ్వరప్రసాద్ నిచ్చెన వేసుకుని ఆ చెట్టెక్కాడు. కొబ్బరికి ఏడాదికి ఇంచుమించు పన్నెండు మట్టలొస్తాయి. రాలిన ప్రతి మట్టా మాను మీద ఒక గాటు వదిలిపోతుంది. గాట్లూ, తల మీది మట్టలూ కలిపి నూట రెండు, అంటే ఎనిమిదిన్నరేళ్లు. మాను లేవకముందు, గాట్లు కనపడని మరో నాలుగేళ్లు. మొత్తం పన్నెండున్నర!

సాక్ష్యం రోజు పొద్దున కోర్టు వరండాలో పేరంటాలు ఎదురొచ్చింది.

"చెట్టెక్కారంటగా బాబాయిగారూ! ఈ వయసులో జారితే మాకెవరండీ సాక్ష్యం చెప్పేది?"

ఆయన నవ్వాడు. "మంచి చెట్టమ్మా. ఎక్కడిది?"

"మా ఆయన గంగయ్య రేపల్లెలో కొన్నాడండి. అప్పటికే ఏడాది మొక్క. పడవలో ఒళ్లో పెట్టుకుని తెచ్చా, బిడ్డలాగా!"

ఆయన నవ్వు ఆగిపోయింది. చెట్టుకు పన్నెండున్నర. అందులో ఒక ఏడాది ఎక్కడో పెరిగింది. అంటే గుడిసెకు పదకొండున్నరే! ఆ లెక్క ఆవిడకు తట్టనే లేదు.

బోనెక్కగానే చలపతిరావు వకీలు అందుకున్నాడు. "చెట్టుకు వయసొక్కటేనా మేస్టారూ, జాతకం కూడా చెప్తారా?"

కోర్టంతా గొల్లుమంది. జడ్జిగారు బల్ల మీద కొట్టారు.

"దావా నాటికి చెట్టు వయసెంతండి?" వకీలే మళ్లీ అడిగాడు.

"పన్నెండేళ్లు దాటిందండి."

వెనక పేరంటాలు చేతులు జోడించింది. మొక్కగా తెచ్చారా, కాయ నాటారా అని వకీలుకు అడగాలనే తోచలేదు, మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. ఇక దిగిపోవచ్చు. ఈశ్వరప్రసాద్ ఒక మెట్టు దిగాడు కూడా.

"ఆగండి," జడ్జిగారు కలం ఎత్తారు. "ప్రమాణం చేశారు కదా. ఆ చెట్టు గురించి మీకు తెలిసింది ఇంకేమైనా మిగిలిందా?"

ఫ్యాను కిర్రుమంటోంది. పేరంటాలు ఆయన మొహంలోకే చూస్తోంది, రెప్ప వెయ్యకుండా.

ఆ బోనులో మీరుంటే ఏమంటారు?