గుయిస్కిల్ పాదు

కోబాన్ కొండల్లోని ఆ అత్తారింట్లో ఎటెల్వీనాకు ఊపిరాడటం లేదు. మొగుడు కాఫీ తోటలకు కూలికి పోయాడు. పుట్టింటికి పోతానని ఆమె బట్టలు సర్దుకుంటే, అత్త కాందెలారియా మొలకెత్తిన గుయిస్కిల్ కాయ, అంటే సీమవంకాయ, ఒకటి చేతిలో పెట్టి పెరట్లో పాతించింది.

"పాతిన చెయ్యే నీళ్లు పొయ్యాలి. వేరే చెయ్యి తగిలితే పాదు చచ్చిపోద్ది, ఇంటికి కీడు. కాయలు కోసి వెళ్దువుగానిలే."

ఎటెల్వీనా ఎన్నడూ మొక్క పెంచి ఎరగదు. చిక్కుడు తీగలాగే ఒక్క కాపుతో పీడ వదులుతుందనుకుంది, పిచ్చిపిల్ల! తీగ పందిరెక్కి, గోడెక్కి, ఆమె గది కిటికీని కప్పేసింది. లోపల పట్టపగలే చీకటి. చివరికి ముళ్ల కాయలు బుట్టెడు దిగాయి. ఆ సాయంత్రమే కొడవలి పట్టుకుని మొదలు దగ్గర కూర్చుంది.

"అయ్యో, అదేం పనే!" అత్త నవ్వుతూ కొడవలి లాక్కుంది. "ఇది ఏటా చిగురేస్తది. నాది మీ ఆయన పుట్టకముందు పాతాను, నిరుటిదాకా కాసింది."

"మరి మీరు పుట్టింటికి ఎప్పుడు వెళ్లారత్తా?"

కాందెలారియా నవ్వు ఆగిపోయింది. కొడవలి చూరులో దోపి, నీళ్ల బిందె కోడలి చేతికిచ్చింది.