చెమట పట్టని కుండ

మధ్యాహ్నం మూడు దాటాక హనుమక్క గేటు తీసేది. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్లో ఊడ్చే పని ముగించుకుని ఇంటికి పోతూ, మమత ఇంట్లో చెంబెడు నీళ్లు తాగి, అరుగు మీద పావుగంట కూర్చునేది. కోడలి మీద రెండు మాటలు, మేస్త్రీ మీద నాలుగు చెప్పి లేచేది. రోజు మొత్తంలో ఆ ఇంట్లో రెండో గొంతు వినబడేది ఆ పావుగంటే.

భర్త పోయాక మమత కారు షెడ్డులో కరెంటుతో తిరిగే కుమ్మరి సారె, కరెంటు బట్టీ పెట్టుకుంది. కప్పులు, పూలకుండీలు చేసి బెంగళూరు దుకాణాలకు పంపుతుంది. ఆర్డర్లు ఫోన్లో మెసేజీలుగా వస్తాయి. ఎవరూ మాట్లాడరు.

ఉగాదికి ముందు పాత నీళ్లకుండ పగిలింది. సంతలో కొనకుండా మమతే ఒకటి చేసింది. నాలుగు రోజులు కూర్చుని మెడ చుట్టూ మల్లెతీగ చెక్కింది. లోపలా బయటా నీలం గ్లేజు పూసి కాల్చింది. కుండ గాజులా మెరిసింది. హనుమక్క చూసి బాగుందంది. మూడు రోజులు తాగింది. నాలుగో రోజు రాలేదు. ఆ తర్వాత గేటు ముందు నుంచే, తల తిప్పకుండా పోయింది.

తానేమన్నదో మమత వెతుక్కుంది. కోడలి వైపు మాట్లాడిందా? వారం చూసి మార్కెట్‌కే వెళ్లి అడిగింది.

హనుమక్క చీపురు గోడకు ఆనించింది. "నీళ్లు కాగబెట్టినట్ల ఉండాయి మమతా. చెప్తే బేజారు చేసుకుంటావని ఊరకే పోతాండా."

"మట్టికుండే కదక్కా."

"మట్టికుండకు చెమట పట్టల్ల. నువ్వు దాని ఒంటినిండా గాజు పూస్తివి. అదెట్ల ఊపిరి తీస్తుంది?"

పన్నెండేళ్లుగా మట్టి పిసుకుతున్న మమతకు అది తెలియనిది కాదు. కప్పులకు పూసిన చేత్తోనే దీనికీ పూసింది. అందంగా ఉంటే హనుమక్క ఇంకాసేపు కూర్చుంటుందనుకుంది.

ఈసారి మట్టిలో ఇసుక కలిపింది. తీగ చెక్కలేదు. గ్లేజు డబ్బా మూత తీయలేదు. ఆరడానికి ఎనిమిది రోజులు, కాల్చి చల్లార్చడానికి రెండు పట్టింది. అరుగు పక్కన ఇసుక పోసి, కుండ నిలబెట్టి, నీళ్లు నింపింది. రెండో రోజు పొద్దున చెయ్యి పెడితే తడి తగిలింది. హనుమక్క పనికి పోయే వేళకు గేటు దగ్గర నిలబడి, కొత్త కుండ పెట్టానని చెప్పింది.

మూడున్నరకు గేటు చప్పుడైంది. హనుమక్క నీళ్లు తాగి, కుండను అరచేత్తో తడిమి, అరుగు మీద కూర్చుంది. మమత వచ్చి పక్కన కూర్చుంది. కుండ కింద ఇసుక నల్లబడుతోంది.

"ఇంగొంచెం ఇయ్యి," అంది హనుమక్క.

మళ్లీ అడగాలని, మమత చెంబు సగానికే నింపింది.