కుడిది దొరికితే

నేను ఒక ఎడమచేతి గ్లౌజుని. నా జత పోయింది ఒక మంగళవారం పొద్దున, ఐర్లండ్ పడమటి తీరంలో, ఒక పెట్రోలు బంకు ముందు. వాన పడుతోంది. వానకన్నా గాలి ఎక్కువగా ఉంది.

మమ్మల్ని రాణిపేటలో ఒక తోలు కార్ఖానాలో కుట్టారు. ఒకే మేక తోలు, ఒకే దారం. ఇద్దరినీ ఒక కొక్కేనికి తగిలించి కాకినాడ దుకాణంలో వేలాడదీస్తే, సుభాషిణి గారు కొన్నారు. ఆవిడ బళ్ళో భూగోళం చెప్పేవారు. ఆవిడ భర్త రామభద్రం గారు అదే బళ్ళో లెక్కల మాస్టారు. ఎన్ని లెక్కలు వచ్చినా ఆయనకు కుడి ఎడమలు మాత్రం తెలిసేవి కావు. నన్ను కుడిచేతికి తొడుక్కుని బొటనవేలు కోసం వెతుక్కునేవారు. రెండు రోజులు చూసి, ఆవిడ మార్కరు తీసుకుని మా మణికట్టు పట్టీల లోపల రాసేశారు. నాకు ‘ఎ’. దానికి ‘కు’.

“ఏవండీ లెక్కల మాస్టారూ, చదవడమన్నా వచ్చు కదా?” అన్నారు.

“మాట పూర్తిగా రాయొచ్చుగా?”

“చోటు లేదు. ఖాళీలను పూరింపుము.”

బుల్లెట్ ఆయన నడిపితే, ఆవిడ వెనక సీటులో కూర్చుని, ఎటు తిరగాలో ఆ వైపు ఆయన భుజం తట్టేవారు. ఉద్యోగాలు ముగిశాక ఏదైనా పరాయి దేశం బండి మీద చూడాలని ఇద్దరికీ కోరిక. ఐర్లండ్‌ని ఆవిడే ఎంచారు. “అక్కడా రోడ్డుకి ఎడమ పక్కనే నడుపుతారట. ఈ వయసులో మీకు కుడి నేర్పడం నా వల్ల కాదు బాబూ!”

పాస్‌పోర్టులు వచ్చిన నెలలోనే ఆవిడకు జబ్బు చేసింది. ఫిబ్రవరిలో పోయారు.

ఆ తరవాత ఏడాదిపైగా మేం బీరువాలో ఉన్నాం. ఒకరోజు ఆయన మమ్మల్ని బయటికి తీసి, పట్టీలు మడిచి రెండు అక్షరాలూ చూసుకుని, ప్రయాణం పెట్టెలో సర్దుకున్నారు. ఆవిడ చేతిరాత ఆ ఇంట్లో ఇంకా చాలాచోట్ల ఉంది. పప్పుల డబ్బాల మీద ఉంది, పాత జవాబు పత్రాల మీద ఉంది. ఆయన కోసమని రాసినవి మాత్రం ఈ రెండే.

డబ్లిన్‌లో బండి అద్దెకు తీసుకున్నారు. సామాను వెనక సీటుకు కట్టుకొమ్మని బండి ఇచ్చినతను చెప్పాడు. ఆయన సామానంతా పక్క పెట్టెల్లో కుక్కి, ఆ సీటు ఖాళీగా ఉంచారు. రాతిగోడల మధ్య సన్నటి రోడ్లు. ఎదురొచ్చే బండ్లవాళ్ళు తల ఊపేవారు. ఈయనా ఊపేవారు. కొన్ని రోజులు ఆయన పలకరింపులన్నీ అంతటితో సరి. నాలుగు రోడ్లు కలిసేచోట కాసేపు ఆగేవారు. భుజం ఎవరూ తట్టేవారు కాదు. వెనక హారన్ మోగాక ఏదో ఒక వైపు తిరిగేవారు. అలా తప్పు తిరిగిన ఒక మలుపే మమ్మల్ని ఆ బంకుకు చేర్చింది.

బంకు నడిపేది బ్రిడీ అనే పెద్దావిడ. తడిసి ముద్దయిన మనిషిని చూసి, అడక్కుండానే టీ తెచ్చి అందించింది. ఆయన కుడిచేతి గ్లౌజు తీసి వెనక సీటు మీద పెట్టి, వట్టి చేత్తో కప్పు అందుకున్నారు. ఎక్కడైనా ఆయన పద్ధతి అంతే. ఎవరేమిచ్చినా కుడిచేత్తోనే, అదీ తొడుగు తీసి పుచ్చుకోవాలి. అందుకే అది రోజుకు పదిసార్లు చెయ్యి వదిలేది. నన్ను బస చేరేదాకా తీసేవారు కాదు.

“వేళ్ళు ఊడిపోతాయి, తొడుక్కుని తాగవయ్యా,” అంది బ్రిడీ తన ఇంగ్లీషులో.

“మా వైపు అలా పుచ్చుకోరండి. మర్యాద కాదు.”

“మా ఆయనదీ ఇదే మర్యాద. కనబడిన ప్రతివాడికీ టోపీ తీసి తీసి, ఆఖరికి జలుబుతో పోయాడు.”

ఆ ప్రయాణంలో ఆయన మొదటిసారి నవ్వారు. సరిగ్గా అప్పుడే గాలి విసిరింది. నేను చూశాను. చెప్పడానికి నాకు నోరు లేదు.

కప్పు తిరిగి ఇచ్చి చూసేసరికి సీటు మీద ఏమీ లేదు. గోడల వెంట, ముళ్ళపొదల్లో, రోడ్డు పక్క కాలవలో ఇద్దరూ గంటన్నర వెతికారు.

“గ్లౌజే కదా, టౌనులో కొత్తవి దొరుకుతాయి,” అంది బ్రిడీ.

“అందులో మా ఆవిడ రాసిన అక్షరం ఒకటి ఉందండి.”

బ్రిడీ మళ్ళీ వంగి వెతకసాగింది.

చివరికి తన వంటింట్లోంచి గిన్నెలు కడుక్కునే పసుపు రబ్బరు గ్లౌజులు తెచ్చింది. ఆయన కుడిది తీసుకుని ఎడమది తిరిగి ఇచ్చేశారు.

“ఒక్కటి నేనేం చేసుకోను? రెండూ పట్టుకెళ్ళు.”

“ఎడమది నాకు ఉందండి.”

ఆవిడ ఆయన చేత చిరునామా రాయించుకుని, “కుడిది దొరికితే పంపుతాను,” అంది.

మిగిలిన ఐదు రోజులూ ఆ పసుపు గ్లౌజు తోడుగా తిరిగాను. చూసినవాళ్ళు నవ్వారు. దాని మీద నాకు కోపం లేదు. అది బ్రేకు పట్టేది, నేను క్లచ్ పట్టేదాన్ని. బండి నడిచింది. జతలో ఒకరు పోతే మిగిలినవారిని పిలవడానికి మనుషులకు ఏదో ఒక మాట ఉంది. గ్లౌజులకు లేదు. మిగిలినదాన్ని పారేస్తారు. ఆయన నన్ను పారెయ్యలేదు.

ఇప్పుడు కాకినాడలో, ఆయన రాతబల్ల మీద ఉన్నాను. ఈమధ్య ఐర్లండ్ నుంచి ఒక చిన్న పార్సెలు వచ్చింది. ఆయన రెండు చేతులా అందుకున్నారు. బల్ల మీద పెట్టి, పైనుంచే వేళ్ళతో తడిమారు. బొటనవేలు తగిలింది కాబోలు, అక్కడే ఆగిపోయారు. అది ఎన్ని నెలలు వానలో నానిందో తెలియదు. ‘కు’ ఉందో, చెరిగిపోయిందో తెలియదు. విప్పితే తెలిసిపోతుంది.

రోజూ పొద్దున కత్తెర తెచ్చి పార్సెలు పక్కన పెడతారు. సాయంత్రం తీసి సొరుగులో దాచేస్తారు. పదకొండు రోజులైంది. ఇంకా విప్పలేదు.