సర్ కుర్చీ

ఈ ఊళ్ళో బోర్డు మీద ఆడదాని పేరు కనబడితే జనం నవ్వుకుంటారు. తప్పు వాళ్ళది కాదు. ఇక్కడ ఆడవాళ్ళ పేరున రిజిస్ట్రీ చేయిస్తే స్టాంపు డ్యూటీ కొంచెం తగ్గుతుంది. అందుకని రాయ్‌పూర్‌లో సేఠ్‌లందరూ పెళ్ళాం పేరునో తల్లి పేరునో స్థలాలు కొంటారు. ఆ స్థలం ఏ దిక్కున ఉందో ఆ తల్లికి తెలిస్తే ఒట్టు. అలాంటి ఊళ్ళో నేనూ గ్రేసూ కలిసి మా ఇద్దరి పేర్లతో బిల్డర్స్ అని బోర్డు పెడితే, మా వెనక ఎవరో తెలివైన మొగుళ్ళున్నారనుకున్నారు.

మా ఆయన తెలివి సంగతి నాకు తెలుసు. ఉర్లాలో రోలింగ్ మిల్లులో షిఫ్టు చూసుకుని ఇంటికొచ్చి, టీవీ పెట్టుకుని, దాని ముందే నిద్రపోతాడు. మంచివాడే. ఇటుకకీ ఆయనకీ సంబంధం లేదు, అంతే. గ్రేస్‌కి మొగుడే లేడు, ఆ తలనొప్పి తనకొద్దంది. వాళ్ళది కాకినాడ వైపు, తల్లి నర్సుగా ఇక్కడికొచ్చింది, తను సివిల్ ఇంజనీరయింది. స్థలం వెతికేది, బేరమాడేది, అనుమతుల కోసం ఆఫీసుల మెట్లెక్కేది నేను. కట్టేది గ్రేస్.

మొదటి బిల్డింగప్పుడు ఒక్క ఫ్లాటూ అమ్ముడుపోలేదు. వచ్చినవాళ్ళు టీ తాగుతారు, కుళాయి తిప్పుతారు, గోడ మీద వేలితో కొట్టి చూస్తారు. ఆ తరవాత నా భుజం మీంచి లోపలికి చూసి "సర్ కహా హై?" అంటారు. సర్ ఎవరూ లేరండీ, నేనే అంటే "అచ్ఛా అచ్ఛా" అని చెప్పులేసుకుంటారు. మళ్ళీ రారు. నెలల తరబడి ఇదే భాగోతం. సరిగ్గా అప్పుడే మా బావగారు రిటైరయ్యారు.

బావగారంటే మా ఆయన అన్నయ్య సత్తిరాజు గారు. రైల్వే వాళ్ళ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో ఉంటూ వాగన్ వర్క్‌షాపులో క్రేను నడిపేవారు. ఆరడుగుల మనిషి, తెల్లటి మీసం. గొంతు మాత్రం బొత్తిగా పీలగా ఉంటుంది, అందుకే ఎక్కువ మాట్లాడరు. ఒకరోజు నాకు క్యారేజీ ఇవ్వడానికి ఆఫీసుకొచ్చి ఊరికే నా కుర్చీలో కూర్చున్నారు. అంతలో ఒక బ్యాంకాయన, ఆయన భార్య వచ్చారు. బావగారిని చూడగానే "నమస్తే సర్" అన్నారు. బావగారు తలూపారు. పక్కన నిలబడి చెప్పాల్సిందంతా నేనే చెప్పాను. నా ప్రతి మాటకీ వాళ్ళు ఆయన మొహం చూడ్డం, ఆయన తలూపడం. ఆ సాయంత్రమే ఫ్లాటు బుక్కయింది.

మర్నాడే వెళ్ళి పెద్ద కుర్చీ కొన్నాం. నల్ల రెక్సిను, ఎత్తయిన వీపు, చేతుల మీద సింహం తలలు. చూడ్డానికి రాజుగారి కుర్చీలా ఉండేది. దానికి సర్ కుర్చీ అని పేరు పెట్టింది గ్రేసే. అప్పట్నుంచి పదేళ్ళుగా బావగారు పొద్దున్నే సఫారీ సూటేసుకుని వచ్చి అందులో కూర్చుంటున్నారు. గంగిరెద్దుకైనా ఇంటింటికీ మధ్య కాస్త ఊపిరి తీసుకునే వీలుంటుంది, ఆయనకి అదీ లేదు. నాకు మొదట్లో సిగ్గేసింది. తరవాత ఒళ్ళు మండింది. ఆ తరవాత అలవాటైపోయింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, బీర్‌గావ్ అంచున మొదలుపెట్టిన బిల్డింగే నా ఆఖరిది అనుకున్నాను. మోకాళ్ళు అరిగిపోయాయి. బీపీ బిళ్ళ వేసుకోవడం మర్చిపోతే మెట్ల మీదే కూలబడుతున్నాను. ఈ ఒక్కటీ వచ్చే ఏడు దీపావళికి తాళాలిచ్చేస్తే, తలుపేసుకుని పడుకోవాలని నా కోరిక. అంతకు మించి నాకేం అక్కర్లేదు. అలాంటప్పుడు ఏప్రిల్ ఎండలో గ్రేస్ ఫోన్ చేసింది.

"అక్కా, సైటుకి రా. పని ఆపించాను."

వెళ్ళేసరికి బి బ్లాకు పునాది కందకం పక్కన తల పట్టుకుని నిలబడి ఉంది. కందకానికి ఇవతల మట్టిలో వరసగా అడుగుల గుర్తులున్నాయి, కందకం దాకా వచ్చి వెనక్కి తిరిగిన అడుగులు. పక్క బస్తీలో ఎవరో ఫ్యాక్టరీ కూలీ పోయాడట, ఇవాళ పదో రోజు. పదో రోజున ఇక్కడివాళ్ళు నహావన్ చేస్తారు. ఆడవాళ్ళందరూ ఒకరి వెనక ఒకరు వరసకట్టి చెరువుకి నడిచి వెళ్ళి, మునిగి, ఆ తడిబట్టలతోనే మాట్లాడకుండా ఇంటికొస్తారు. ఎప్పుడూ నడిచే దారి మేం కొన్న పొలం గట్టు మీంచే. ఇవాళ ఆ గట్టు ఉన్నచోట కందకం ఉంది. వాచ్‌మన్ రోడ్డు మీంచి పొమ్మన్నాడు. ఉర్లా లారీల మధ్యనుంచి, కొత్తగా మొగుడు పోయిన పిల్లని మధ్యలో పెట్టుకుని, తడిబట్టలతో తిరిగొచ్చారట.

"సర్వే నక్షాలో దారి లేదక్కా, చూశాను. కాగితం ప్రకారం మన తప్పేం లేదు," అంది గ్రేస్. "కానీ దారి వదులుతామని సర్ మాటిచ్చారంటున్నారు బస్తీవాళ్ళు."

"ఏ సర్?"

గ్రేస్ నా మొహంలోకి చూసింది. "మనకి ఎంతమంది సర్లున్నారక్కా?"

మూలిగే నక్క మీద తాటిపండు అంటే ఇదే. దారి వదలాలంటే బి బ్లాకు వెనక్కి జరగాలి. ప్రతి అంతస్తులో ఒక ఫ్లాటు పోతుంది. ప్లాను మళ్ళీ అనుమతికి వెళ్ళాలి. మళ్ళీ ఆ ఆఫీసు, ఆ మెట్లు, రేపు రండి మేడమ్, సర్‌ని పంపండి మేడమ్. ఇంకో ఎండాకాలం. తలుచుకుంటేనే నాకు కళ్ళు తిరిగాయి.

ఆఫీసుకెళ్ళేసరికి బావగారు సర్ కుర్చీలో కూర్చుని టీలో బిస్కెట్టు ముంచుకుంటున్నారు.

"బీర్‌గావ్‌లో ఎవరికైనా మాటిచ్చారా?" అన్నాను, చెప్పులు కూడా విప్పకుండా.

"ఇచ్చానమ్మాయ్. భూమిపూజ నాడు. నువ్వు బోరు వాళ్ళతో దెబ్బలాడతన్నావు. ఆడవాళ్ళొచ్చి చెరువుకి దారుంటుందా అని అడిగారు. ఉంటుందన్నాను."

"నాకు చెప్పాలా అక్కర్లేదా?"

"చెప్దామనే అనుకున్నాను. నువ్వు ఎప్పుడు చూసినా అలిసిపోయే ఉంటావు. రేపు చెప్దాం, రేపు చెప్దాం అనుకుంటే ఇంత దూరం వచ్చింది."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. పదేళ్ళు నోరు విప్పని మనిషి, విప్పక విప్పక విప్పి నా కొంప మీదకి తెచ్చారు. "మిమ్మల్నిక్కడ కూర్చోబెట్టింది తలూపడానికి, మాటివ్వడానికి కాదు. జనం సర్ సర్ అంటుంటే నిజంగా సర్‌నే అనుకున్నారా?" అన్నాను. గ్రేస్ వెనకనుంచి నా చెయ్యి పట్టుకుంది. అప్పటికే అనేశాను.

బావగారు కప్పు కింద పెట్టారు. ఒళ్ళో పడిన బిస్కెట్టు పొడి దులుపుకున్నారు. నేనన్న దానిక్కూడా అలవాటుగా తలూపి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు. బాధపడ్డానా అంటే పడ్డాను. కోపం తగ్గిందా అంటే తగ్గలేదు.

మర్నాడు బీర్‌గావ్ బస్తీకి నేనే వెళ్ళాను. కార్లో దారి పొడుగునా హిందీలో వల్లెవేసుకున్నాను: నక్షాలో దారి లేదు, మాటిచ్చిన ఆయనకి ఆ అధికారం లేదు, క్షమించండి, అంతే. ఆ రోజు భూమిపూజలో మాట్లాడింది సుకవారో బాయి అని వాచ్‌మన్ చెప్పాడు. అరవై దాటిన మనిషి. ఇంటి ముందు ఎండలో ఇప్పపువ్వు ఆరబోసి, కాలితో తిరగేస్తోంది. పోయినవాడు ఆవిడ మరిది కొడుకట.

"నేను ఆ బిల్డింగు తాలూకు," అన్నాను.

"తెలుసు. మాలకిన్‌వి నువ్వే కదా," అంది, పువ్వు తిరగెయ్యడం ఆపకుండా.

నేను వల్లెవేసుకున్నదంతా అక్కడే ఎగిరిపోయింది. పదేళ్ళలో ఈ ఊళ్ళో ఎవరూ, చివరికి మా ఫ్లాట్లలో కాపురముంటున్నవాళ్ళు కూడా, నన్ను యజమానురాలివని అనలేదు. "ఎవరు చెప్పారు?" అన్నాను.

"మీ జేఠ్." ఇక్కడ బావగారిని జేఠ్ అంటారు. ఆవిడ నులకమంచం నా వైపు జరిపి, ఛత్తీస్‌గఢీలో నింపాదిగా చెప్పుకొచ్చింది. ఆ రోజు వీళ్ళు వెళ్ళి సర్ అని పిలవగానే ఆయన చేతులడ్డం పెట్టారట. నేను సర్‌ని కాదు, జనానికి చూడ్డానికి ఒక మగాడు కావాలి కాబట్టి నన్ను కూర్చోబెట్టారు, యజమాని మా తమ్ముడి భార్య, అదిగో ఆ ఎండలో దెబ్బలాడుతున్న ఆవిడే అన్నారట.

"అయితే ఆవిణ్ణే అడుగుతాం అన్నాం," అంది సుకవారో. "ఇప్పుడు వద్దు, కోపంగా ఉంది అన్నాడు."

నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను.

"మరి యజమానివి కానప్పుడు నీ మాట ఎలా నమ్మాలయ్యా అన్నాన్నేను. ఆయనేమన్నాడో తెలుసా? అందరూ వచ్చి నన్నే అడుగుతారు, ఆవిడ్ని ఇన్నేళ్ళలో ఎవరూ ఏదీ అడగలేదు, అడిగితే ఆవిడా ఇదే చెబుతుంది, నాకు తెలుసు అన్నాడు." అప్పుడు పువ్వు తిరగెయ్యడం ఆపింది. నా ఎదురుగా వచ్చి నిలబడింది. "నిన్న మా పిల్లని లారీల మధ్య నడిపించుకొచ్చాం. ఇప్పుడు నిన్నే అడుగుతున్నాను. దారుంటుందా, ఉండదా?"

లిఫ్టెప్పుడొస్తుంది, నీళ్ళొస్తాయా, గోడ చెమ్మ పడుతుందా, ఇన్నేళ్ళూ ఎన్ని వేల ప్రశ్నలు, అన్నీ నా పక్కనుంచి ఆ కుర్చీకే వెళ్ళాయి. నా కళ్ళలోకి చూసి అడిగిన మొదటి మనిషి ఈవిడ. అడిగింది కూడా నా దగ్గర లేని ఓపికనే. ఆఫీసు మెట్లు గుర్తొచ్చాయి. దీపావళి గుర్తొచ్చింది. తలుపేసుకుని పడుకుందామనుకున్న నిద్ర గుర్తొచ్చింది. నాకు ఏడుపొచ్చింది. ఎండకనో పూల వాసనకనో చెప్పుకోవచ్చు గానీ అబద్ధం.

"ఉంటుంది," అన్నాను.

"ఇద్దరు పక్కపక్కన నడిచేంత చాలు," అని ఆవిడ మళ్ళీ పువ్వు తిరగెయ్యడానికి వెళ్ళిపోయింది. దండం పెట్టలేదు, సంతోషమనీ అనలేదు. ఉండాల్సింది ఉంటుందన్నందుకు ఎవరు మాత్రం దండాలెందుకు పెడతారు.

కార్లో కూర్చుని గ్రేస్‌కి ఫోన్ చేశాను. బి బ్లాకు వెనక్కి జరపమన్నాను. "అక్కా, నీకేమైనా మతిపోయిందా" అని కాసేపు తిట్టింది. చివరికి "సర్ చెప్పమన్నారా?" అంది.

"కాదు. నేనే చెబుతున్నాను."

"అలాగైతే ప్లాను మళ్ళీ గీస్తానులే," అంది.

బావగారి ఇంటికి వెళ్ళాను. డబ్ల్యూఆర్ఎస్ కాలనీ పక్కనే చిన్న అద్దె ఇల్లు. వరండాలో మంచం మీద, నడుం కింద వేడినీళ్ళ బ్యాగు పెట్టుకుని పడుకుని ఉన్నారు. నన్ను చూసి గబగబా దాన్ని దుప్పటి కిందకి తోసేశారు.

"దారి ఇచ్చేశాను బావగారూ."

"ఇస్తావని తెలుసు."

"నిన్న అన్న మాటలు..."

"ఏటమ్మాయ్ ఇప్పుడవన్నీ. కోపంలో ఉన్నావు." దుప్పటి సర్దుకుంటూ, "రేపు రమ్మంటావా?" అన్నారు.

"రండి. కానీ ఆ కుర్చీలో నేను కూర్చుంటాను."

మొహం మాడ్చుకుంటారేమో అని భయపడ్డాను. ఆయన "హమ్మయ్య" అన్నారు.

మర్నాడు నేను సర్ కుర్చీలో కూర్చున్నాను. కాళ్ళు నేలకి అందలేదు. బావగారు గోడ పక్క సోఫాలో కూర్చున్నారు. పదకొండింటికి దేవేంద్ర నగర్ నుంచి ఒక జంట వచ్చింది. వాళ్ళు నన్ను దాటుకుని సోఫా దగ్గరికెళ్ళి "నమస్తే సర్" అన్నారు. బావగారు వేలితో నన్ను చూపించారు. "నన్నడగండి, చెబుతాను," అన్నాను. మొగుడు పెళ్ళాన్ని చూశాడు. సాయంత్రం వస్తామని వెళ్ళారు, రాలేదు. అలా జరుగుతుందని తెలుసు. లేవలేదు, అందులోనే కూర్చున్నాను.

మధ్యాహ్నానికల్లా నా నడుం పట్టేసింది. ఆ సీటు ముందుకి వాలి ఉంటుంది, జారిపోకుండా కాళ్ళు తన్నిపెట్టి కూర్చోవాలి. వీపు మధ్యలో ఏదో ఇనుప ముక్క పొడుచుకుంటుంది. చెయ్యి పెడదామంటే సింహం కోర మోచేతికి గుచ్చుకుంటుంది. ఎంత సర్దుకున్నా అంతే. నన్నెవరూ ఏమీ అడగరని పదేళ్ళు కుమిలిన దాన్ని, కుర్చీ ఎలా ఉందని ఈ మనిషిని ఒక్కనాడూ అడగలేదు.

"బావగారూ, ఇందులో కూర్చుంటే మీకూ నడుం నొప్పొచ్చేదా?" అన్నాను.

ఆయన టీలో బిస్కెట్టు ముంచుతూ ఆగారు. నావైపు చూసి, తలూపారు.