రుచి చూడని వైన్లు

ఆ షాపు గాజు తలుపు తోసే ముందు జీవానందం ఒక నిమిషం బయటే ఆగాడు.

మచిలీపట్నం కోనేరు సెంటరు దగ్గర కొత్తగా తెరిచిన పెద్ద మందుషాపు అది. నాసిక్ నుంచీ, విదేశాల నుంచీ కొత్త ద్రాక్ష వైన్లు దిగాయని ఓనరు సుందరరాజు పొద్దున్నే ఫోన్ చేశాడు. జీవానందం మంగినపూడి బీచి దగ్గర శ్రీకృష్ణ గారి హోటల్లో రెస్టారెంటు చూసుకుంటాడు. మర్నాడు సాయంత్రం విజయవాడ డాక్టర్లు కొందరు కుటుంబాలతో విందుకు వస్తున్నారు. వాళ్ళు వైన్ కావాలన్నారు. "మన చేపల్లోకి పనికొచ్చేవి, రేటు తక్కువలో మంచివి తెండి. రుచి చూసి రెండు ఖాయం చేద్దాం," అని శ్రీకృష్ణ పంపాడు.

రుచి చూడటం. ఆ మాటే పొద్దుటి నుంచీ జీవానందాన్ని పొడుస్తోంది.

పెదపారుపూడి పక్క పల్లెలో పుట్టిన జీవానందం ఏళ్ళ తరబడి టూరిస్టు ఓడల్లో వైన్లు వడ్డించాడు. తాగుడు అక్కడే పట్టుకుంది. కంపెనీ ఇంటికి పంపించేసింది. ఇక్కడికొచ్చాక ఇంకా ముదిరింది. ఒకరోజు గుడివాడ స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద పడి ఉంటే, భార్య స్వర్ణలత ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. మానేసి మూడేళ్ళు దాటింది. ఆ సంగతి శ్రీకృష్ణకి తెలియదు. ఓడల్లో చేశాడన్న ఒక్క మాట మీద ఉద్యోగం ఇచ్చాడు. ఎందుకు వదిలేశారని ఆయన అడగలేదు, జీవానందం చెప్పలేదు. ఇన్నాళ్ళూ హోటల్లో అమ్మింది బీరూ విస్కీనే. వాటిని ఎవరూ రుచి చూసి ఎంచరు.

"రండి సార్! ఇది చూడండి, ఫ్రాన్సు సరుకు," అంటూ సుందరరాజు బంగారు రంగు లేబులున్న బరువైన సీసా చేతిలో పెట్టాడు. "డాక్టర్లు గదా, సీసా చూసే పడిపోతారు."

జీవానందం దాన్ని వెలుతురుకెత్తి చూశాడు. తెల్ల వైను. ఏడేళ్ళ నాటిది. లోపల రంగు తేనెలా ముదిరిపోయింది. చల్లగా, తాజాగా తాగాల్సిన రకం అది. పైగా ఎండ పడే అద్దాల పక్కన నిలబెట్టారు. కింది అరలో, ఏసీ గాలి తగిలే చోట, సాదా లేబులుతో నాసిక్ తెల్ల వైను ఉంది. పోయినేడు పంటది. రేటు దీంట్లో మూడో వంతు.

"అదా? అది కుర్రాళ్ళు కొనే చౌక సరుకు సార్," అన్నాడు సుందరరాజు.

"ఇదీ ఇవ్వండి, మా శ్రీకృష్ణ గారే రుచి చూసి తేల్చుకుంటారు. అదీ ఇవ్వండి. ఎర్రవాటిలో ఆ చివరి రెండూ కూడా."

బిల్లు కట్టి, నాలుగు సీసాలూ సంచిలో పెట్టుకుని బండెక్కాడు. దారి పొడవునా కాళ్ళ దగ్గర సీసాలు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేస్తూనే ఉన్నాయి. ఆ చప్పుడు ఒకప్పుడు ఎంత ఇష్టమో గుర్తొచ్చి, అది వినపడకుండా గొంతెత్తి పాట పాడుకుంటూ బండి నడిపాడు.

హోటల్లో మధ్యాహ్నం భోజనాలు అయిపోయాయి. ఖాళీ హాల్లో కిటికీ పక్క బల్ల మీద శ్రీకృష్ణ గ్లాసులు సిద్ధం చేయించాడు. దివిసీమలో రొయ్యల చెరువులు చేసి పైకొచ్చిన మనిషి. కోపం, నవ్వు రెండూ పెద్ద గొంతుతోనే. వంటగదిలోంచి వేయించిన పండుగప్ప చేప ముక్కలు తెప్పించాడు.

జీవానందం మూతలు తీశాడు. ఒక్కో గ్లాసులో కొద్దిగా పోసి, తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మొదటిది ఫ్రాన్సుది.

"ఇది పోయిందండీ. తడిసిన అట్టపెట్టె వాసన వస్తోంది."

శ్రీకృష్ణ ఒక గుక్క తాగి ముఖం చిట్లించాడు. "థూ! నిజమే. ఇంత రేటుకి ఇదా? సరే, మిగతావి మీరు తాగి చెప్పండి."

"వాసనకే తెలిసిపోద్దండీ."

"వాసన చూసి కూర బాగుందంటామా ఏంటి? తాగండి."

జీవానందం నాసిక్ గ్లాసు ఎత్తాడు. కోసిన జామకాయ వాసన, దాని వెనక నిమ్మతొక్క. మంచి వైను. అది మంచిదని తెలియడమే భయంగా ఉంది. నోట్లో నీళ్ళూరాయి. గ్లాసు అంచు పెదవికి రెండు వేళ్ళ దూరంలో ఆగింది.

శ్రీకృష్ణ అతను ఆగడం చూసి, "ఏంటండీ ఆలోచన? డ్యూటీలో తాగకూడదనా? మింగొద్దు. నోట్లో పోసుకుని ఊసెయ్యండి. టీవీలో చూశాను, పెద్ద పెద్దవాళ్ళు అలాగే చేస్తారు," అన్నాడు.

నిజమే. అందరూ అలాగే చేస్తారు. ఓడలో జీవానందం కూడా అలాగే మొదలుపెట్టాడు. మొదటి ఏడాది ప్రతి గుక్కా ఊసేశాడు. తర్వాత మంచివి ఊసెయ్యడానికి మనసొప్పలేదు. ఆ తర్వాత చెడ్డవి కూడా.

గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. "నేను తాగలేనండీ."

"ఒంట్లో బాలేదా?"

"నేను తాగుబోతునండీ. మూడేళ్ళుగా ముట్టుకోలేదు. ఓడ ఉద్యోగం అందుకే పోయింది. మీకు చెప్తే ఈ ఉద్యోగం ఇవ్వరని చెప్పలేదు."

శ్రీకృష్ణ ముఖం ఎర్రబడింది.

"రేపు విందు పెట్టుకుని ఇవాళ చెప్తారా? తాగనివాడు నాకు వైన్లు ఎంచుతాడా?" విసురుగా లేచాడు. చెయ్యి తగిలి ఎర్ర వైను సీసాల్లో ఒకటి పడింది. సగం వైను జీవానందం చొక్కా మీదకీ, ప్యాంటు మీదకీ ఒలికింది.

జీవానందం కదల్లేదు. ఆ వాసన ఒళ్ళంతా పాకుతుంటే ముఖం పక్కకి తిప్పుకుని, మెల్లగా అన్నాడు: "తాగేది మీరు, చెప్పేది నేను. ముక్కుతో చెయ్యాల్సింది నేను చేస్తాను. నాలుక మీది కావాలి. కుదరదంటే ఇప్పుడే వెళ్ళిపోతాను."

శ్రీకృష్ణ వాసనకే దొరికిపోయిన ఆ ఫ్రాన్సు సీసా వంక చూశాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అడగండి."

"చేప ముక్క తినండి. ఇప్పుడు నాసిక్ తెల్లది ఒక గుక్క. నోట్లో నూనె జిడ్డు ఉందా, పోయిందా?"

"పోయింది. నిమ్మకాయ పిండుకున్నట్టుంది."

"మిగిలిన ఎర్రది. చిగుళ్ళు బిగుస్తున్నాయా, పచ్చి అరటికాయ కొరికినట్టు?"

"కొంచెం. కారం మాత్రం పెరిగినట్టుంది."

"అయితే చేపలోకి వద్దు. ఒలికినదాంట్లో అడుగున ఉన్నది చూడండి."

శ్రీకృష్ణ ఆ కాస్తా గ్లాసులో వంపుకుని తాగాడు. "ఇది మెత్తగా దిగింది."

"ఆ తెల్లదీ, ఈ ఎర్రదీ ఖాయం చెయ్యండి. రెండూ నాసిక్‌వే. రేటు కూడా మీరనుకున్నదానికి లోపే."

శ్రీకృష్ణ సుందరరాజుకి ఫోన్ చేసి ఆ రెండు రకాలూ పెట్టెల లెక్కన పంపమన్నాడు. తర్వాత, "రేపు తొందరగా రండి," అన్నాడు.

ఇల్లు చేరేసరికి ఇంకా వెలుతురుంది. స్వర్ణలత గుమ్మంలోనే ఆగిపోయింది. ఎర్ర మరకలు చూసింది. వాసన తగిలింది. ముఖంలో నెత్తురు లేకుండా పోయింది.

"ఎంత తాగారు?"

"తాగలేదు లతా. ఒలికింది."

"ఎప్పుడూ ఒలుకుద్ది."

"శ్రీకృష్ణ గారికి ఫోన్ చెయ్యి కావాలంటే."

"పాత రోజుల్లోనూ ఎవరో ఒకళ్ళు ఫోన్లో ఇలాగే చెప్పేవారు." ఆమె గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే అతనికి తేలికగా ఉండేది. "ఆసుపత్రిలో ఏమన్నానో గుర్తుందా? ఇంకోసారి తాగితే నేనుండనన్నాను."

జీవానందం గుమ్మం మెట్టు మీదే కూర్చున్నాడు. లోపలికి వెళ్ళే హక్కు తనకుందో లేదో తెలియలేదు. "ఊసెయ్యమన్నాడు. గ్లాసు నోటిదాకా వెళ్ళింది. అబద్ధం చెప్పను, వెళ్ళింది. అప్పుడు చెప్పేశాను."

"ఏం చెప్పారు?"

"నేను తాగుబోతునని."

స్వర్ణలత అతని వంక చూసింది. ఆసుపత్రిలో డాక్టరు ఎన్నిసార్లు అడిగినా ఆ ముక్క అతని నోట రాలేదు. అన్నదమ్ముల దగ్గరా, చర్చిలో పాస్టరు గారి దగ్గరా ఏవేవో జబ్బుల పేర్లు చెప్పాడు గానీ ఆ మాట అనలేదు.

"మీ నోటితో చెప్పారా?"

"ఊఁ."

"ఆయనేమన్నాడు?"

"తిట్టాడు. తర్వాత రేపు తొందరగా రమ్మన్నాడు."

ఆమె వచ్చి పక్కన మెట్టు మీద కూర్చుంది. మరక వాసన కొడుతున్నా జరగలేదు. చొక్కా మీది మరకని వేలితో ముట్టుకుని అడిగింది.

"ఇంతకీ ఏది బాగుందంట?"

జీవానందం చెప్పడం మొదలుపెట్టాడు.