పావని మోకాలు

ఐసు ట్రేని గట్టు మీద రెండుసార్లు కొట్టి, ఊడిన ముక్కల్ని తువ్వాల్లో మూటకట్టి, పావని మోకాలి మీద పెట్టాను. "మెల్లిగా ఎట్టవే కనకం, పిల్లకి నొప్పెడతాది," అంది మా అత్త బుల్లమ్మ, సోఫా పక్కన కుర్చీ వేసుకుని ఆపిల్ ముక్కలు కోస్తూ. నేను కాపురానికొచ్చాక ఆవిడ కత్తి పట్టుకోగా చూడడం ఇదే మొదలు. ఆ ముక్కలు నాక్కాదు, నా తోటికోడలు పావనికి.

నాకు కుళ్ళుగా ఉంది. మంచిదాన్ననిపించుకోవాలని ఆ మాట ఇన్నాళ్ళూ నాలో నేను కూడా అనుకోలేదు గానీ, ఇప్పుడు అనేస్తున్నాను. పావని జీతం చూసి కాదు, స్కూటీ చూసి కాదు, దాని సన్నటి నడుం చూసి అసలే కాదు. దాని మోకాలు చూసి. రెండు దిళ్ళ మీద రాణీగారిలా పడుకున్న ఆ మోకాలు చూస్తే నా కడుపు మండిపోతోంది.

పావని ఊళ్ళో ఒక ప్రైవేటు స్కూల్లో ఆటల టీచరు. పిల్లలకి ఖోఖో నేర్పుతూ, కూర్చున్నచోటు నుంచి లేచి విసురుగా తిరగబోయింది. మోకాల్లో టక్కుమంది. వారం తిరక్కుండా మా మరిది ధనరాజ్ స్కాన్ తీయించాడు. ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ చిరిగిందట. పెద్ద కోతేమీ ఉండదు, రెండు చిన్న రంధ్రాలు పెట్టి, ఒకదాంట్లోంచి కెమెరా పంపించి, టీవీలో చూసుకుంటూ రెండోదాంట్లోంచి కుట్టేస్తామన్నాడు డాక్టరు. "ఆరు వారాలు ఆ కాలి మీద బరువు పడకూడదు. ఇంట్లో చూసుకోడానికి ఎవరైనా ఉన్నారా?" అనడిగాడు. పావని ఆలోచించను కూడా లేదు. "మా అక్క ఉందండి," అంది. అప్పుడు నేను అక్కడే ఉన్నాను, ఫ్లాస్కు పట్టుకుని. వీలవుతుందా అని నన్ను ఎవరూ అడగలేదు.

అసలు ఆ టక్కు నాకు కొత్తా? నాలుగేళ్ళ కిందట బట్టలుతుకుతుంటే నా మోకాల్లోనూ వినపడింది. మా ఆయన త్రినాధరావుకి బెల్లం మార్కెట్లో కొట్టుంది. ఆయన ప్యాంట్లకి అంటిన బెల్లం జిగురు మెషీన్లో పోదు. వేన్నీళ్ళలో నానేసి, గొంతుక్కూర్చుని బ్రష్షు కొట్టాలి. అలా కూర్చునే వెనకున్న బకెట్టు కోసం మెలితిరిగాను, అంతే. చెబితే ఆయన ఫోన్లోంచి తలెత్తకుండానే, "వయసొచ్చేక ఆడోళ్ళకి గుజ్జరిగిపోద్ది, బాం రాసుకో," అన్నారు. నాకప్పటికి ముప్ఫైనాలుగు. రాసుకున్నాను. అప్పట్నించీ మెట్లు దిగాలంటే గోడ పట్టుకుంటాను. కింద కూర్చుంటే ఒక్కోసారి మోకాలు అలాగే పట్టేస్తుంది, కుళాయి పట్టుకుని లేస్తాను. ఖోఖోలో చిరిగితే చిరుగు, బట్టలుతుకుతూ చిరిగితే వయసు.

ఆపరేషనయ్యాక కట్టు మార్చిన రోజు పావని కుట్లు చూశాను. రెండే గాట్లు, పెసరగింజలంత. పెద్ద కోత ఉండుంటే జాలైనా పడేదాన్ని. ఆ రెండు గాట్లని పరామర్శించడానికి బుచ్చయ్యపేట నుంచి చుట్టాలు అరటిపళ్ళూ హార్లిక్స్ సీసాలూ పట్టుకుని దిగారు. వాళ్ళందరికీ టీలు పెట్టింది నేను. పావని చెడ్డదైనా బాగుండును, హాయిగా తిట్టుకునేదాన్ని. "అక్కా, నీకెంత పని పెడతన్నానో," అని చెయ్యి పట్టుకుంటుంది. నువ్వెందుకు కుంటుతున్నావని మాత్రం అడగదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా, పోనీ నేనే అడుగుదామనుకున్నాను.

భోజనాల దగ్గర నోరు విప్పాను. "రేపు పావనిని చూపించడానికి తీసుకెళ్తున్నాను కదా, నా మోకాలు కూడా చూపించుకుంటాను."

అత్త నవ్వింది. "నీకెందుకే ఆ సోకు? అదంటే ఉద్దోగం సేసుకునే పిల్ల, కాలు బాగుండాల. ఇంట్లో ఉండేదానివి, నీకు మోకాలితో పనేటి?"

"అయినా నువ్వు మంచమెక్కితే ఇల్లేటైపోద్ది?" అన్నారు మా ఆయన, పెరుగు కోసం కంచం జరుపుతూ.

నాకు మోకాలితో పనే లేదట. నేను పడుకుంటే మాత్రం ఇల్లు నడవదట. తల్లీకొడుకులు పక్కపక్కనే కూర్చుని చెరో మాటా అన్నారు, రెంటికీ పొంతన కుదరలేదని ఇద్దరికీ తట్టలేదు. ధనరాజ్ చారు పోసుకున్నాడు. అవతల హాల్లో సోఫాలో పావని సౌండు పెంచుకుని టీవీ చూస్తోంది. నేను అందరికీ పెరుగు వడ్డించాను.

మర్నాడు ఆటోలో వెళ్ళాం. ఆసుపత్రి గుమ్మంలోనే పావనికి చక్రాల కుర్చీ వచ్చింది. దాని వెనకాల సంచీ మోసుకుంటూ, కుంటుతూ నడుస్తుంటే నాకు ఏడుపొచ్చింది, జాలితో కాదు, కోపంతో. "నువ్వు పద, వస్తాను," అని ఓపీ కౌంటరు దగ్గర ఆగిపోయాను.

"పేషెంటు పేరు?" అన్నాడు కౌంటర్లో మనిషి.

"కనకమహాలక్ష్మి," అన్నాను. నా పేరు నేను పూర్తిగా పలికి ఎన్నాళ్ళైందో.

డాక్టరు పావని కుట్లు చూసి, బాగా మానుతున్నాయన్నాడు. తర్వాత నన్ను బల్ల మీద పడుకోమన్నాడు. పావని తెల్లబోయి చూసింది. ఆయన నా మోకాలు మడిచి, పాదం పట్టుకుని మెల్లిగా తిప్పాడు. టక్కుమంది. నొప్పికి బల్ల అంచు పట్టుకున్నాను.

"ఎన్నాళ్ళనించి ఇలా?"

"నాలుగేళ్ళండి."

"అక్కా, నాకెప్పుడూ చెప్పలేదేటి?" అంది పావని.

"నువ్వెప్పుడూ అడగలేదు," అన్నాను. ఆ మాట అన్నాక కడుపులో మంట కాస్త చల్లారింది.

"చిరుగులాగే ఉందమ్మా, స్కాన్ తీద్దాం. అదే అయితే ఈవిడకి చేసినట్టే చిన్న రంధ్రాల్లోంచి సరిచేస్తాం. తర్వాత కొన్ని వారాలు రెస్టు తప్పదు," అన్నాడు డాక్టరు. రాస్తూ రాస్తూ తలెత్తాడు. "ఇంట్లో చూసుకోడానికి ఎవరైనా ఉన్నారా?"

చక్రాల కుర్చీలో పావని తల దించుకుంది. అత్త, మా ఆయన, ధనరాజ్, పావని వరసగా నా కళ్ళ ముందు మెదిలారు. ఆ ఇంట్లో ఎవరికేమొచ్చినా ఈ ప్రశ్నకి జవాబు నేనే. ఈసారి నేను బల్ల మీద ఉన్నాను.

"ఉన్నారండి," అన్నాను. "నలుగురున్నారు."