ముందరి అర్ర

ఏటా దసరాకు సున్నం వేయిస్తారు. దీపావళి దాటేసరికి గోడలు మళ్ళీ పసుపుబారతాయి. "సున్నంల కల్తీ" అంటాడు బాలకిషన్, సిగరెట్టు బూడిదను కిటికీలోంచి దులుపుతూ. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో ఆ కిరాయి ఇంటికి కాపురానికి వచ్చిన నాటినుంచీ వసుమతి ఈ మాట వింటూనే ఉంది. ఆదివారం వస్తే ఆయనా, ఆఫీసు దోస్తులూ ముందరి అర్రలో పేకాటకు కూర్చుంటారు. గాలికి ముక్కలు ఎగురుతాయని ఫ్యాను ఆపుతారు, కిటికీలు మూస్తారు. చాయ్ ఇచ్చి బయటపడేలోపల సిగరెట్ల కంపు ఆమె జడలోకి కూడా ఎక్కుతుంది.

ఆబిడ్స్‌లో ఒక ఆడపిల్లల బడిలో ఆమె లెక్కలు చెబుతుంది. మొన్న పెద్ద టీచరు ప్రభావతమ్మ పిలిపించి, తలుపు దగ్గరే నిలబెట్టి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏమనుకోకు వసుమతీ. నువ్వు సిగరెట్లు తాగుతవా?"

"లేదు మేడమ్!"

"పిల్లల తల్లులు అడుగుతున్నరు. ఇంకోసారి గిట్ల వాసనొస్తే నీకు క్లాసు ఇయ్యలేను."

తాగేవాడి కొలువు భద్రంగా ఉంది. తాగనిదాని కొలువు ఊడబోతోంది. ఇంటికొచ్చి చెబితే బాలకిషన్ నవ్వాడు. "అత్తరు పూసుకపో" అన్నాడు. అత్త శంకరమ్మ అందుకుంది. "మగోడన్నంక తాగుతడు. గోడలు ఖరాబయింది నీ పొయ్యి పొగతోని."

పొయ్యి వెనక వసారాలో ఉంది. దాని మసి నల్లగా ఉంటుంది, ఇది పసుపు. ఈ మాట వసుమతి నోటిదాకా ఎన్నిసార్లు వచ్చి వెనక్కి పోయిందో. పాత పూత గీకి కడిగితే తప్ప లాభం లేదనీ ఆమెకు తెలుసు. గీకాలంటే అర్ర ఖాళీ చెయ్యాలి, ఒక్క ఆదివారం పేకాట మానాలి. అది కుదరదు కనుకనే మురికి మీద తెలుపు పూసి పండుగ చేసుకుంటూ వచ్చారు.

శనివారం ఆమె బడికి సెలవు పెట్టింది. మొగుడు ఆఫీసుకు పోగానే పడక కుర్చీనీ, పేక బల్లనూ వాకిట్లోకి ఈడ్చింది. సోడా కలిపిన వేడినీళ్ళు చల్లితే గోడకు చెమట పట్టినట్టు గోధుమరంగు ధారలు దిగాయి. ఇనుప రేకుతో గీకుతుంటే ఆ నీళ్ళు మోచేతి మీదుగా రవికెలోకి కారాయి. ఒక దసరా ఊడింది, దాని కింద పసుపు. ఇంకో దసరా ఊడింది, దాని కిందా పసుపే. ఇదంతా ఆయన వదిలిన ఊపిరి, ఇన్నేళ్ళూ తాను పీల్చిన ఊపిరి. గోడా నోరు మూసుకుంది, తానూ మూసుకుంది. కాకపోతే గోడకు ఏడాదికొక పూతయినా దక్కింది.

"పిచ్చి లేసిందానే? రేపు వాని దోస్తులొస్తరు!" అరిచింది శంకరమ్మ.

"రానియ్యిండ్రి అత్తమ్మా."

సాయంత్రం ఇంటికొచ్చిన బాలకిషన్, తెల్లారేసరికి ఆరుతాయిలే అనుకున్నాడు. మరునాడు దోస్తులు వచ్చారు. ముందరి అర్రకు లోపల గడియ పడి ఉంది. కిటికీలు బార్లా తెరిచి, ఫ్యాను వేసుకుని, నేల మీద చాప పరుచుకుని వసుమతి తల దువ్వుకుంటోంది.

"తలుపు తియ్యి! వెంకటేశం వాళ్ళొచ్చిన్రు."

"గోడలు తడిగున్నయి."

"ఏం బాలకిషన్," బయట వెంకటేశం పకపకా నవ్వాడు, "నీ ఇంట్ల నీకే టికెట్ దొరకలేదా? భాబీ, జర చాయైనా పంపు!"

"పొయ్యి వెనక వసారల ఉంది. కాసుకోండ్రి."

బాలకిషన్ తలుపు మీద దబదబా బాదాడు. "అందరి ముందల నా పరువు తీస్తున్నవే! ఇంత ఎండల ఇంకేం తడి? ఎప్పుడారుతయి నీ గోడలు?"

వసుమతి చిక్కు తీసి, జడ పాయలు విడదీసుకుంది.

"మీరు సిగరెట్టు మానేసిననాడు."